రెండో నేరానికి ముందు

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదు" అని మనవాళ్ళు ఒక సామెత చెబుతుంటారు. జైలునుంచి వచ్చినవాడు మళ్ళీ దొంగతనంలో దొరికాడని పత్రికలో చదివినప్పుడల్లా ఈ సామెత మన నోటికి వస్తుంది. దీనివల్ల ఒక సౌకర్యం ఉంది. అది ప్రశ్నను మొదట్లోనే మూసేస్తుంది. బుద్ధే కారణమైతే వేరే కారణం వెతకనక్కరలేదు. వేరే కారణం లేకపోతే మన బాధ్యతా ఉండదు. నేరం చేసినవాడు తిరిగి నేరంలోకి ఎందుకు వెళతాడు అనే ప్రశ్నను పోలీసులకూ కోర్టులకూ వదిలేసి రచయితలు చేతులు దులుపుకోవటానికి కూడా ఈ సామెతే సాయపడుతోంది.

ఈ విషయంలో నేను గట్టుమీద నిలబడి మాట్లాడుతున్నవాణ్ణి కాను. ఇబ్రహీంపట్నం ప్రాంతంలో నేను చదువు చెప్పిన ఒక బడిలో ఏడో తరగతి పిల్లవాడు తోటివాడి జామెట్రీ పెట్టె తీశాడు. దొరికాడు, ఏడ్చాడు, తిరిగి ఇచ్చేశాడు. రెండేళ్ళ తర్వాత, తొమ్మిదో తరగతిలో, వసూలు చేసిన పరీక్ష ఫీజు డబ్బు కనపడలేదు. నలభైమంది ఉన్న గదిలో నేను మొట్టమొదట విప్పించింది ఆ పిల్లవాడి సంచి. డబ్బు అందులో లేదు. సాయంత్రానికి క్లాసు లీడరు నోటుపుస్తకంలోనే, అట్టకూ కాగితానికీ మధ్య దొరికింది. సంచి వెతికించింది అందరి ముందు. "పొరపాటైంది" అన్నది మాత్రం స్టాఫ్ రూములో, తోటి ఉపాధ్యాయుల దగ్గర. మర్నాటినుంచి ఆ పిల్లవాడు బడికి రాలేదు. కొన్నేళ్ళకు బోరు మోటారు వైర్ల దొంగతనం కేసులో అతని పేరు వినపడింది. అతను ఆ పని చేశాడో లేదో నాకు తెలియదు. ఆ వార్త విన్నప్పుడు నా నోట మొదట వచ్చిన మాట మాత్రం గుర్తుంది: "అనుకున్నదే!" ఎవరు అనుకున్నారు? ఎప్పటినుంచి అనుకున్నారు? అలా అనుకోవటంవల్ల ఏం జరిగింది? ఈ వ్యాసం ఆ మూడు ప్రశ్నలలోంచి పుట్టింది.

మామూలుగా మనం రెండు ఘటనలనే చూస్తాం. మొదటి నేరం ఒకటి, రెండో నేరం ఒకటి. ఆ రెంటి మధ్య ఒక కాలం ఉంది. జైలు గేటు దాటిన రోజునుంచి మళ్ళీ అరెస్టయిన రోజుదాకా నడిచిన కాలం అది. ఆ రోజుల్లో అతను ఎక్కడ పడుకున్నాడు, పని ఎవరిచ్చారు, ఎవరు పొమ్మన్నారు, స్టేషనుకు వెళ్ళి ఎన్నిసార్లు సంతకం పెట్టాడు, చుట్టాల ఇంట్లో పెళ్ళికి పిలుపు వచ్చిందా రాలేదా - రెండో నేరానికి కారణాలు చాలావరకు ఇక్కడే ఉంటాయి. మన సాహిత్యంలో ఎక్కువగా ఖాళీగా మిగిలిపోయిన పేజీ కూడా ఇదే. ఆ పేజీమీద ఏముందో చదవటానికి మన చరిత్రే మనకు సాయం చేస్తుంది. ఎందుచేతనంటే, బుద్ధి పుట్టుకతో వస్తుందన్న నమ్మకాన్ని చట్టంగా రాసి, తరాల తరబడి అమలు జరిపి చూసిన నేల మనది.

1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. మొదట ఉత్తర భారతంలో అమలైన ఈ ఏర్పాటు 1911 చట్టంతో మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. ఈ దేశంలో నేత, వడ్రంగం కులవృత్తులైనట్టే దొంగతనం కూడా కొన్ని జాతులకు కులవృత్తి అన్నది దాని వెనక ఉన్న తర్కం. సరిగ్గా ఆ దశకంలోనే, 1876లో, ఇటలీ వైద్యుడు లోంబ్రోసో శరీర లక్షణాలనుబట్టి పుట్టు నేరస్థుణ్ణి గుర్తుపట్టవచ్చునంటూ గ్రంథం రాశాడు. అక్కడ పుర్రెకు అంటగట్టినదాన్ని ఇక్కడ కులానికి అంటగట్టారు. రెండింటి సారం ఒకటే: కారణాన్ని సమాజంలోనుంచి తీసి మనిషి ఒంట్లో పెట్టటం.

ఎరుకలవారి సంగతి చూద్దాం. ఎరుక అంటే తెలివిడి. మన కొరవంజులలో, యక్షగానాలలో ఎరుకలసాని జరగబోయేది చెప్పే మనిషి. తిరుమల కథలో శ్రీనివాసుడంతటివాడు ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు నగరికి వెళ్ళాడు. ఆ వేషానికి అంతఃపురం తలుపులు తెరుచుకున్నాయి. అటువంటి పేరు పోలీసు రిజిస్టరులోకి ఎలా ఎక్కింది? బుట్టలల్లటం, పందుల పెంపకంతోపాటు ఎరుకలవారికి మరో బతుకుతెరువు ఉండేది. గాడిదలమీద, ఎద్దులమీద కోస్తా ఉప్పును లోపలి జిల్లాలకూ, అక్కడి ధాన్యాన్ని కోస్తాకూ చేరవేసిన వర్తకులు వాళ్ళు. ఈ చరిత్రను మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో విపులంగా చూపించారు. రోడ్లు, రైళ్ళు వచ్చి రవాణాను లాక్కున్నాయి. ఉప్పుమీద సర్కారు పట్టు బిగిసింది. అటవీ చట్టాలు వెదురునూ మేతనూ అందకుండా చేశాయి. 1876-78 కరువు మిగిలినదాన్ని ఊడ్చిపెట్టింది. బతుకుతెరువు పోయిన సంచారికి మిగిలింది సంచారమే. ఆ సంచారమే అనుమానమైంది.

తెలంగాణలో లంబాడీలదీ ఇటువంటి కథే. సైన్యాలకు ధాన్యం, పల్లెలకు ఉప్పు మోసిన వాళ్ళ ఎద్దుల బిడారులు, 1874లో వాడి-సికిందరాబాదు రైలుమార్గం తెరుచుకున్న తర్వాత కాలంలో, క్రమంగా నిలిచిపోయాయి. నిజాం సంస్థానం కూడా వాళ్ళకు నేరస్థులన్న ముద్ర వేసింది. ఈ పరిణామాన్ని భంగ్యా భుక్యా 2010లో వచ్చిన తన పరిశోధన గ్రంథంలో వివరించారు. మా మంచాల, యాచారం తండాలనుంచి బడికి వచ్చే పిల్లలు ఆ బిడారులు నడిపినవారి వారసులే.

1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో ఎరుకలవారికి ఒక సెటిల్మెంటు ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్టు పేరున దానికి స్టూవర్టుపురం అని పేరు వచ్చింది. సంస్కరణ దాని ప్రకటిత లక్ష్యం. సెటిల్మెంటులో హాజరు పిలుపు ఉండేది. పొలిమేర దాటాలంటే పాసు ఉండాలి. చీరాలలో పొగాకు కంపెనీకి కావలసిన కూలీలు ఈ సెటిల్మెంటునుంచి వెళ్ళేవారు. కదలటానికి వీల్లేని కూలి ఏ యజమానికైనా చవకే కదా!

ఈ యంత్రం పనిచేసే తీరును సాహిత్య విద్యార్థి శ్రద్ధగా గమనించాలి. ఒకటి: పాసు లేకుండా పొలిమేర దాటటమే నేరం. ఒకతను పక్క ఊళ్ళో ఉన్న జబ్బుపడిన తల్లిని చూడబోయాడనుకోండి. దారిలో పట్టుబడితే అతను మళ్ళీ నేరం చేసినవాడే. అతని రెండో నేరం దొంగతనం కాదు, నడక. రెండు: రిజిస్టరులో ఉన్నవాడు కొన్ని నేరాల్లో రెండోసారి శిక్షపడితే, ప్రత్యేక కారణాలుంటే తప్ప, ఏడేళ్ళకు తగ్గకుండా జైలు, మూడోసారి యావజ్జీవ ద్వీపాంతరం. మూడు: చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏది పోయినా మొదటి వెతుకులాట ఇక్కడే. చేసినా చెయ్యకపోయినా దెబ్బలు తప్పనప్పుడు, చెయ్యకుండా ఉండటంవల్ల మనిషికి వచ్చే లాభం ఏమిటి? ఇది నీతికి సంబంధించిన ప్రశ్నలా కనపడుతుంది గాని, నిజానికి లెక్కకు సంబంధించిన ప్రశ్న. సమాజం నిజాయితీకి ధర కట్టటం మానేసిన చోట నిజాయితీగా బతకటం మామూలు మనిషికి అందని విలాసమవుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో, తిరుపతి ప్రాంతంవారైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన వేసిన కమిటీ ఈ చట్టం పోవాలని సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. ఆ జాతులకు విముక్త జాతులని పేరు వచ్చింది. అయితే, ఒక చేత్తో తీసినదాన్ని రెండో చేత్తో పెట్టారు. మద్రాసులో 1948లోనే అలవాటుపడ్డ నేరస్థుల చట్టం వచ్చింది; ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అటువంటి చట్టమే వచ్చింది. జాతి అన్నమాట కొట్టేసి వ్యక్తి అన్నమాట రాశారు. రిజిస్టరు మాత్రం బల్లమీదే ఉండిపోయింది. జైలు నిబంధనల్లో పాత జాతుల పేరిట మిగిలిన వివక్ష రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పటానికి 2024 అక్టోబరు 3దాకా పట్టింది. చట్టం చచ్చిన తర్వాత డెబ్భై రెండేళ్ళు దాని నీడ జైలు గోడలమీద నిలిచిందన్నమాట.

ఇక ఇవాళ్టి సంగతి. భాషతోనే మొదలుపెడదాం. 'కేడీ' అని మనం తిట్టుగా వాడే మాట తెలుగు నిఘంటువుల్లోనుంచి రాలేదు, పోలీసు రికార్డులనుంచి వచ్చింది. 'నోన్ డిప్రెడేటర్' అన్న ఇంగ్లీషు పదబంధంలోని పొడి అక్షరాలు అవి. 'తెలిసిన దోపిడిగాడు' అని దాని అర్థం. అతను దోచాడా లేదా అన్నది కాదు, అతను మాకు తెలుసు అన్నది ముఖ్యం. ఠాణా మాట ఇంటింటి మాట అయిందంటే ఠాణా చూపు కూడా మన చూపు అయిందనే అర్థం. నేను పిల్లవాడి సంచి విప్పించినప్పుడు నా చేతిలో ఏ రిజిస్టరూ లేదు. అది నా తలలో ఉంది.

చట్టాల పుస్తకం కూడా ఈ తేడాను పాటిస్తూనే ఉంది. పాత శిక్షా స్మృతిలో 75వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 13వ సెక్షన్, కొన్ని నేరాల్లో వెనకటి శిక్ష ఉన్నవాడికి శిక్ష పెంచుతాయి. విచారణలో మగ్గుతున్న ఖైదీలు కొంత కాలం గడిచాక బెయిలుమీద విడుదలయ్యే వీలు కొత్త నాగరిక సురక్షా సంహితలో ఉంది. మొదటిసారి నేరారోపణ వచ్చినవాళ్ళకు అది త్వరగా అందుతుంది. ఒకటికి మించిన కేసులు నడుస్తున్నవాడికి ఆ తలుపు మూసివుంటుంది. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, నేరం ఇంకా రుజువు కానివాళ్ళు. తప్పు తేలకముందే నెలలు గడిచిపోతాయి. ఆ నెలల్లో పని పోతుంది, అద్దె గది పోతుంది, వకీలు ఖర్చుకు పుస్తెలతాడు తాకట్టులోకి వెళుతుంది. విడుదలైనవాడు ఇంటికి అప్పుతో తిరిగివస్తాడు. ఇబ్రహీంపట్నం చుట్టూ పొలాలు ప్లాట్లయి, గోదాములూ ఫ్యాక్టరీలూ వచ్చిన ఈ రోజుల్లో, వాచ్‌మన్ పనికి కూడా పోలీసు వెరిఫికేషన్ అడుగుతున్నారు. పొలం పనికి రికార్డు అడిగినవాడు లేడు. పొలమే లేకుండా పోయినప్పుడు, రికార్డు ఉన్నవాడికి పని దొరికే చోట్లు ఎన్ని మిగులుతాయి? రికార్డు చూడకుండా అతన్ని రమ్మనేది పాత జట్టు ఒక్కటే.

ఇదంతా మన రచయితలకు కొత్తగా చెప్పాలా? రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖ కోర్టుల్లో ప్లీడరుగా ఉంటూ, మద్యనిషేధం రోజుల అనుభవంతో 'ఆరు సారా కథలు' రాశారు. అందులో 'మాయ' కథలో కొత్త ప్లీడరు మూర్తికి లోకం ఎలా నడుస్తుందో బోధపరిచేది చట్టం పుస్తకం కాదు, సారా కేసులో ముద్దాయి అయిన ముత్యాలమ్మ. ఈ కథల గొప్పతనం యాసలోనూ వ్యంగ్యంలోనూ ఉందని మనం పాఠాలు చెబుతాం. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. మళ్ళీమళ్ళీ జరిగే నేరం ఒకరి అలవాటు కాదు, అనేకమందికి ఆదాయం అని ఆయన గ్రహించారు. ముద్దాయి బోనులో ఒక్కతే నిలబడుతుంది. ఆమె నేరంమీద బతికేవాళ్ళు మాత్రం కోర్టు హాలు నిండా ఉంటారు. మన కాలంలో గుడుంబా కేసుల్లో తహసీల్దారు ముందు బైండోవర్ అయి, పూచీకత్తు కాగితంమీద వేలిముద్ర వేసి వచ్చే తండా స్త్రీ ముత్యాలమ్మకు వరసకు చెల్లెలే. కాగితం మీద సత్ప్రవర్తనకు పూచీ ఉంది, పొయ్యిమీదికి బియ్యానికి పూచీ లేదు. గుడుంబా మానేసిన కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం పునరావాస పథకం పెట్టిందంటే, కారణం బుద్ధిలో కాక బతుకులో ఉందని ప్రభుత్వం కూడా ఒప్పుకున్నట్టే.

ప్రపంచ సాహిత్యంలో ఈ మధ్యకాలాన్ని పూర్తిగా చూసినవాడు విక్టర్ హ్యూగో. 1950లో నాగయ్య నటించిన 'బీదలపాట్లు' చిత్రం ద్వారా మన ప్రేక్షకులకూ తెలిసిన కథ అది. జాన్ వాల్జాన్ పంతొమ్మిదేళ్ళు జైల్లో ఉన్నాడు. రొట్టె దొంగతనం కేసులో ఐదేళ్ళు; పారిపోబోయినందుకు పద్నాలుగేళ్ళు. బయటికి వచ్చాక అతని చేతిలో ఉన్న పసుపుపచ్చ కాగితం చూసి పూటకూళ్ళ ఇంట్లో చోటివ్వరు. బిషప్ దయ చూపించిన తర్వాత కూడా అతను ఒక చిన్నపిల్లవాడి నాణెం కాజేస్తాడు. ఇక్కడే హ్యూగో వాస్తవికత ఉంది. మంచితనం సోకగానే మనిషి మారిపోడు, మారేటప్పుడు తడబడతాడు. జావర్టు జీవితాంతం వెంటాడింది ఆ తడబాటునే.

మన సినిమాకు ఈ ఓపిక లేకపోయింది. 1991లో ఒక్క సంవత్సరంలోనే స్టూవర్టుపురం పేరు తగిలించుకుని రెండు చిత్రాలు వచ్చాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. ఒక ఊరి పేరు దొంగతనానికి పర్యాయపదమైపోయింది. ఆ ఊళ్ళో చదువుకుని ఉద్యోగానికి వెళ్ళే పిల్లవాడు దరఖాస్తులో స్వగ్రామం అన్న గడి ముందు ఒక్క క్షణం ఆగవలసి వస్తే, ఆ క్షణానికి కళాకారులం కూడా జవాబుదారులమే.

అభ్యుదయ రచయితలు చేసే పొరపాటు మరో రకంది. దొంగను పుట్టు నేరస్థుడుగా చూపటం తప్పని గ్రహించి, వెంటనే అతన్ని తిరుగుబాటుదారుణ్ణి చేసేస్తాం. బోరు వైరు కోసుకుపోతే ఎండేది భూస్వామి తోట కాదు, అప్పుచేసి బోరు వేసిన సన్నకారు రైతు మడి. ఆ రైతు కన్నీళ్ళు దాచిపెట్టి దొంగమీద జాలి పుట్టించటం వాస్తవికత కాదు. అలాగే, పరిస్థితులే మనిషిని నూటికి నూరుపాళ్ళు నడిపిస్తాయంటే, అదే రిజిస్టరులో ఉండి మళ్ళీ నేరం చెయ్యనివాళ్ళను ఎలా అర్థం చేసుకుంటాం? కారణం చెప్పటం వేరు, క్షమించమనటం వేరు. కారణం తెలిస్తేనే రైతు వైరు కూడా నిలుస్తుంది.

నేరం మానేసినవాళ్ళు ఎలా మానేశారన్నది ఇక్కడ కీలకమైన విషయం. 1970 దశకంలో హేమలతా లవణం, ఆమె భర్త లవణం స్టూవర్టుపురంలో పనికి దిగారు. ఆమె జాషువా కూతురు. ముద్ర పడిన కులంలో పుట్టటమంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1960లోనే వినోబాతో చంబల్ లోయలో తిరిగిన అనుభవం ఆమెకు ఉంది. తర్వాత 'సంస్కార్' సంస్థ ద్వారా, జైల్లో ఉన్నవారితోనూ ఊళ్ళో ఉన్న కుటుంబాలతోనూ కలిసి పనిచేశారు. పాత సెటిల్మెంటుకూ ఈ కృషికీ తేడా ఎక్కడుంది? అక్కడ మనిషిని కాపలా కాశారు. ఇక్కడ మనిషితో మాట్లాడారు.

ఇదే విషయం ఇంగ్లండులో మరోవిధంగా తేలింది. షాడ్ మరూనా అనే పరిశోధకుడు లివర్‌పూల్ నగరంలో నేరం మానేసినవారినీ, కొనసాగిస్తున్నవారినీ కలిసి వాళ్ళ జీవితకథలు చెప్పించుకుని 2001లో గ్రంథం ప్రచురించాడు. రెండు గుంపుల పేదరికంలోనూ, పెరిగిన తీరులోనూ పెద్ద తేడా లేదు. తేడా తమ కథను తాము చెప్పుకునే తీరులో ఉంది. కొనసాగిస్తున్నవాళ్ళ కథలో తమ రాత ఎప్పుడో రాసేసి ఉంది. మానేసినవాళ్ళ కథలో లోపల ఒక మంచి మనిషి మొదటినుంచీ ఉన్నాడు. చాలాసార్లు ఆ మనిషిని ముందుగా గుర్తించింది ఇంకొకరు. కథ కడుపు నింపదు, నిజమే. పని లేకుండా ఏ కథా నిలవదు. కాని "నీ కథ అయిపోయింది" అని ఊరంతా చెప్పిన తర్వాత, దొరికిన పని కూడా నిలవదు.

రచయితకు ఇంతకన్నా సూటి అయిన పిలుపు ఏముంటుంది? కథ మన వృత్తి. ఈ దిశలో కొత్త గొంతులు వస్తున్నాయి. రమేష్ కార్తీక్ నాయక్ తండా జీవితంనుంచి రాసిన 'ఢావ్లో' కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఎవరి పేరు రిజిస్టరులో రాశారో వాళ్ళే ఇప్పుడు కలం పట్టుకున్నారు. మిగతా మనం చెయ్యవలసింది కూడా ఉంది. దొంగతనం జరిగిన రాత్రిని వర్ణించటం సులువు. విడుదలైన తర్వాతి సోమవారాన్ని రాయండి. జైలు గేటు దగ్గర బస్సుకు చిల్లర లెక్కపెట్టుకునే మనిషిని, అతనికి గది ఇవ్వని ఇంటావిణ్ణి, ఇచ్చి పొరుగువాళ్ళ మాటలు పడిన ఇంకో ఆవిణ్ణి, సంతకం కోసం పని మాని స్టేషను బెంచీమీద కూర్చున్న పగటిని రాయండి. వైరు పోయిన రైతు ఇంటికి కూడా వెళ్ళండి. బడిలో సంచి విప్పించిన మాస్టరును మరిచిపోవద్దు. అతన్ని దుర్మార్గుడుగా చిత్రించకండి. అతను చెడ్డవాడు కాడు, 'తెలిసినవాడు' అనుకున్నాడు, అంతే. ఒక పిల్లవాడి చదువు పోవటానికి ఆ కాస్త చాలింది.